కోళ్ళకు ప్రవేశం లేదు

మా కళాశాల సభాభవనంలో కోళ్ళను ఉంచరాదని ఇటీవల జరిగిన సదస్సు ఏకగ్రీవంగా తీర్మానించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. అంతకుముందు కూడా అక్కడ ఎవరూ కోళ్ళను ఉంచలేదు. ఉంచే ఉద్దేశం కూడా ఎవరికీ లేదు. తీర్మానానికి అలాంటి వాటితో పని లేదు. చప్పట్ల మధ్య ఆమోదం పొందింది, ఫైల్లో చేరింది. అంతకన్నా ఒక తీర్మానం సాధించాల్సింది ఏముంటుంది చెప్పండి.

ఈ తీర్మానానికి కారకుడు మా బావ. ఆయన జన్మలో ఒక్క కోడి మీద కూడా పరిశోధన చేయలేదు. మా కళాశాలలోనే కట్టడాల పాఠాలు చెబుతాడు. ఏ గదిలో అడుగుపెట్టినా ముందు కప్పు చూసి, తర్వాత మనుషుల్ని చూస్తాడు. మా అక్కని చూడ్డానికి మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడు కూడా మా నడిమింటి దూలం వంక చాలాసేపు చూసి, ఆ తర్వాత అక్క వంక చూశాడు. దూలం నచ్చలేదన్నాడు. అక్క ఈ మాట ఇప్పటికీ ఎత్తిపొడుస్తూనే ఉంటుంది. మొత్తానికి ముక్కుసూటి మనిషి, ఆ ముక్కు వల్లనే ఇంతవరకు పదోన్నతి రాలేదు.

ఇక నేను ఈ సదస్సుకి ప్రశ్నల కార్యదర్శిని. ఇలాంటి పదవి ఒకటి ఉంటుందా అని మీరు నవ్వితే, మీరు సదస్సుల మొహం చూడలేదన్నమాట. ప్రతి ప్రసంగం అయ్యాక అధ్యక్షులవారు "ఏమైనా ప్రశ్నలున్నాయా?" అని అడుగుతారు. ఉండవు. ప్రశ్న ఉండాలంటే ప్రసంగం విని ఉండాలి కదా. అప్పుడు హాలంతా ఒక నిశ్శబ్దం పరుచుకుంటుంది. ఆ నిశ్శబ్దంలో ఎంతమంది పండితుల పరువు కలిసిపోయిందో ఎవరూ లెక్క రాయలేదు. ఈ దురవస్థని గమనించి మా కళాశాల ప్రశ్నల ఉపసంఘం ఏర్పాటు చేసింది. వక్త తన ప్రశ్న తనే రాసి నాకిస్తాడు. నేను దాన్ని అట్ట ముక్క మీద అందంగా రాయించి, ప్రసంగాల వరుసలో పేర్చి, ప్రశ్నించేవారికి అందజేస్తాను. సమాధానం వక్త కంఠస్థం చేసుకుని వస్తాడు. సదస్సుకి ముందే చర్చా సారాంశం అచ్చువేయించి, భోజనాల దగ్గర పంచుతాం. అందులో ప్రశ్నలు ఉంటాయి, ప్రతి ప్రశ్న కింద "వక్త సంతృప్తికరంగా బదులిచ్చారు" అని ఉంటుంది. చర్చ మొదలవక ముందే సారాంశం చేతికందడం మా కళాశాల ప్రత్యేకత.

మా ప్రశ్నించేవారు ఒక్కరే. లైబ్రరీలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. ఊరంతా సందేహాలయ్య అంటారు. నిజానికి ఆయనకి సొంతంగా ఒక్క సందేహం కూడా లేదు, ఉన్నవన్నీ పెళ్ళైన కొత్తలోనే ఇంట్లో వాళ్ళు తీర్చేశారు. కానీ కార్డు చేతికిచ్చి లేపితే చాలు, పుట్టెడు సందేహం ఆ గొంతులో పలుకుతుంది. ప్రసంగం జరిగినంతసేపూ మూడో వరుసలో హాయిగా నిద్రపోతాడు. చప్పట్లు వినపడగానే లేస్తాడు, పైనున్న కార్డు చదువుతాడు, దాన్ని అడుగున పెట్టుకుని మళ్ళీ నిద్రపోతాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా వరుస తప్పలేదు. ఆయన్ని చూసి మేమంతా గర్విస్తూ ఉంటాం.

ఇలా అన్నీ సవ్యంగా సాగుతున్న చోట మా బావ కప్పు వంక చూశాడు.

సభాభవనం నడిమధ్య దూలం పగిలిందట. లోపల ఇనుము తుప్పు పట్టి ఉబ్బిందట. కప్పు కొద్దికొద్దిగా కిందికి దిగుతోందట. ఆయన నిచ్చెనేసుకుని ఎక్కి, కొలిచి, దిగి, మొహం పాలిపోయి ఇంటికొచ్చాడు. సరిగ్గా అదే రోజు నోటీసు బోర్డు మీద పరీక్షల సీట్లు వేశారు. సదస్సు అయిన మర్నాడు సోమవారం. ఆ రోజు అదే హాల్లో పిల్లలకి పెద్ద పరీక్ష. నా మేనకోడలి సీటు సరిగ్గా ఆ దూలం కింద పడింది.

బావ దరఖాస్తు పెట్టాడు. "కప్పు పైన ఉన్న విషయం గమనించడమైనది" అని జవాబొచ్చింది. ఇంకోటి పెట్టాడు. నిర్వహణ విభాగం వాళ్ళు వెంటనే స్పందించి పగులు మీద తెల్లగా సున్నం వేయించారు. ఇప్పుడు పగులు కనపడదు కాబట్టి ఫిర్యాదు పరిష్కారమైందని రాశారు. నెత్తీ నోరూ బాదుకుంటూ ప్రిన్సిపాల్ గారి గదికి వెళితే, ఆయన కుర్చీ చూపించి, నీళ్ళు ఇప్పించి, చల్లగా నియమం చెప్పారు. సాంకేతిక విషయాల మీద నోటిమాటతో నిర్ణయం తీసుకోకూడదు. సదస్సులో పత్రం సమర్పించాలి. దాని మీద ప్రశ్న రావాలి. ప్రశ్నకి వక్త ఇచ్చిన సమాధానాన్ని అధ్యక్షులు అక్కడికక్కడే తీర్మానంగా మారుస్తారు. తీర్మానమైతే శిరసావహిస్తాను, లేకపోతే నా చేతులు కట్టేసినట్టే అన్నారు. ఆయన చేతులు ఆ సమయంలో బిస్కెట్ల పళ్ళెం మీద ఉన్నాయి.

సరే, బావ పత్రం రాశాడు. ప్రసంగానికి ఎనిమిది నిమిషాలిచ్చారు. సదస్సు ఎక్కడంటారా, ఆ హాల్లోనే.

పత్రాన్ని పరిశీలన సంఘానికి పంపించాలి. బావ పెట్టిన పేరు "మన సభాభవనం కప్పు కూలబోతోంది". సంఘం వారు దీన్ని శ్రద్ధగా చదివారు. "మన" అనడంలో ఆత్మీయత ఎక్కువైంది, పరిశోధనకి పనికిరాదన్నారు. "సభాభవనం" అంటే పరిధి చిన్నదైపోయిందన్నారు. "కూలబోతోంది" అనే మాటలో నిరాశావాదం ఉందన్నారు. దిద్దుబాట్లన్నీ అయ్యాక పేరు "పైకప్పు, కింది మనుషులు: కొన్ని అనుబంధాలు" అని తేలింది. లోపల "ప్రమాదం" ఉన్న చోటల్లా "అవకాశం" అని మార్చారు. "కూలుతుంది" అన్నది కొట్టేసి "నేలను సమీపిస్తుంది" అని రాశారు. పగులు ఫొటో చూస్తే కొత్తగా చేరే విద్యార్థులు బెదిరిపోతారని దాన్ని తీసేసి, సూర్యోదయం బొమ్మ పెట్టుకోమని సూచించారు. పరిశోధకుడు ఎదగాలంటే ఇలాంటి పెద్దల అండ ఉండాలి.

ఇంట్లో రిహార్సల్ పెట్టాం. అక్క వంటింటి గడియారం తెచ్చి ఒళ్ళో పెట్టుకుంది. మేనకోడలు సభ. నేను అధ్యక్షుణ్ణి. బావ లేచి "గౌరవనీయులైన అధ్యక్షులకు, గౌరవనీయులైన ముఖ్య అతిథికి, గౌరవనీయులైన విశిష్ట అతిథికి, గౌరవనీయులైన ఆత్మీయ అతిథికి" అని మొదలుపెట్టాడు. ఎవరినీ వదలడానికి లేదు. వదిలితే అలుగుతారు. అలా గౌరవించుకుంటూ అసలు విషయం దగ్గరికి వచ్చేసరికి ఎనిమిదిలో ఐదు నిమిషాలు ఆవిరైపోయాయి.

అక్క గడియారం పక్కన పెట్టింది. ఆవిడ బట్టలు కుడుతుంది. ఎక్కువైన గుడ్డ కనిపిస్తే కత్తిరించే దాకా చెయ్యి ఊరుకోదు.

"ఆ గౌరవనీయులంతా కూచునేది ఆ కప్పు కిందేగా?" అంది. "వాళ్ళని పలకరించే బదులు లేవమని చెప్పరాదూ?"

"అలా చెప్పకూడదక్కా, మర్యాదగా ఉండదు" అన్నాను.

"మర్యాద కింద పడి పోతారా అయితే?"

బావ కాగితాలు పట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు. "అమ్మాయిని పరీక్షకి పంపొద్దు. ఏడాది పోతే పోయింది" అన్నాడు.

"మన పిల్లని మాన్పిస్తాం. పక్క కుర్చీలో పిల్లని ఎవరు మాన్పిస్తారు?" అంది అక్క. మేనకోడలు మాత్రం పుస్తకం తిరగేస్తూ, "మామయ్యా, నాకు పగులు కింద కూచోవడం కన్నా ఐదో పాఠం అంటేనే భయం" అంది. అలా నవ్వించే పిల్లని ఎవరికైనా ఏమవుతుందో అని గుండె పీకుతుంది. నాకూ పీకింది, దాచుకోను.

అప్పుడే నాకు ఉపాయం తట్టింది. "బావా, ప్రసంగాన్ని నూటొక్కమంది పరిశీలిస్తారు. సమాధానాన్ని ఎవరూ పరిశీలించరు. నీ ప్రశ్న నేను రాస్తాను. 'ఈ హాలు కప్పు ఇంకెన్నాళ్ళు నిలుస్తుంది?' అని సందేహాలయ్య చేత అడిగిస్తాను. నువ్వు అప్పుడు ఉన్నదున్నట్టు చెప్పేయ్. అధ్యక్షులు తీర్మానం చేసేస్తారు. సోమవారం పరీక్ష వేరే చోటికి మారిపోతుంది" అన్నాను. బావ మొహం కాస్త తేటపడింది. ఆ రోజు మా అక్క నాకు రెండో కప్పు టీ తనంతట తనే ఇచ్చింది. మా ఇంట్లో ఇది చిన్న విషయం కాదు.

సదస్సు రోజు రానే వచ్చింది. వక్తలు నలుగురు. మొదట నీళ్ళ ప్రొఫెసర్, తర్వాత కోళ్ళ డాక్టరు, మూడోది మా బావ, నాలుగోది పాత నాణేల మేడం. నాలుగు ప్రశ్నలు అదే వరుసలో పేర్చి సందేహాలయ్య చేతికిచ్చాను. ఆయన వాటిని కళ్ళకద్దుకుని, జేబులో పెట్టుకుని, నిద్రకి ఉపక్రమించాడు.

అధ్యక్షులవారి ప్రారంభోపన్యాసం అద్భుతంగా సాగింది. "మిత్రులారా, తల పైకెత్తి చూడండి. ఈ కప్పు ఎంత ఎత్తున ఉందో మన ఆశయాలు అంతకన్నా ఎత్తున ఉండాలి. కప్పు అడ్డొస్తుందని ఆగామా, మనం ఎదగలేం" అన్నారు. తల పైకెత్తి చూసింది మా బావ ఒక్కడే. మిగతావాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకి పైనుంచి సున్నం పొడి సన్నగా రాలింది. అధ్యక్షులవారు దాన్ని భుజం మీంచి దులుపుకుని, ప్రకృతి కూడా మనల్ని ఆశీర్వదిస్తోందన్నారు.

మొదటి వక్త నీళ్ళ ప్రొఫెసర్ రాలేదు. ఆయన ఇంట్లో కుళాయి ఊడి, నీళ్ళు ఆగడం లేదని కబురొచ్చింది. ముందు వరుసలో ఆయన పేరు అంటించిన కుర్చీ ఖాళీగా ఉండిపోయింది. రానివాడికి చప్పట్లు కొట్టే పద్ధతి మా దగ్గర ఇంకా రాలేదు. కాబట్టి చప్పట్లు లేవు. చప్పట్లు లేవు కాబట్టి సందేహాలయ్య లేవలేదు. అప్పటికి ఇందులో ప్రమాదం ఉందని, క్షమించాలి, అవకాశం ఉందని నాకు తట్టలేదు.

కోళ్ళ డాక్టరు "వెలుతురు, గుడ్డు" అనే అంశం మీద ఎనిమిది నిమిషాలూ మాట్లాడి చప్పట్లు అందుకున్నాడు. సందేహాలయ్య లేచాడు. పైనున్న కార్డు తీశాడు. "అయ్యా, బోరు బావుల్లో నీరు అడుగంటకుండా ఏం చేయాలో సెలవిస్తారా?" అని గంభీరంగా అడిగాడు.

అది రాని ప్రొఫెసర్ గారి ప్రశ్న. నా గుండె గుభేలుమంది. కోళ్ళ డాక్టరు గుండెకి మాత్రం ఏమీ కాలేదు. కంఠస్థం చేసుకున్న జవాబు ఆయన నోట్లో సిద్ధంగా ఉంది. "ఏం లేదండీ, రాత్రిపూట ఒక దీపం వెలిగించి పెట్టండి. రోజూ వేళకి మేత వేయండి. దిగుబడి దానంతటదే పెరుగుతుంది" అన్నాడు. అధ్యక్షులవారు తల పంకించి, ప్రతి బోరు దగ్గరా రాత్రిపూట దీపం వెలిగించి మేత వేయవలసిందిగా తీర్మానించారు. సభ ఆమోదించింది. నా పక్కాయన "ఎంత తేలికైన మార్గం, ఇన్నాళ్ళూ ఎవరికీ తట్టలేదు చూశారా" అంటూ రాసుకున్నాడు.

ప్రశ్నలు ఒక మెట్టు వెనకబడ్డాయి. తర్వాత లేచేది బావ. ఆయనకి వచ్చేది కోళ్ళ ప్రశ్న. నేను వేదిక మీంచి సందేహాలయ్యకి చెయ్యి ఊపాను. ఆయన కూడా ఆప్యాయంగా చెయ్యి ఊపి కళ్ళు మూసుకున్నాడు. టీ ఇచ్చే ఆవిడ చేత చీటీ పంపాను. ఆయన చీటీని జేబులో భద్రపరిచాడు.

నేనే లేచి అసలు ప్రశ్న అడగొచ్చు కదా అని మీరనుకుంటారు. ప్రశ్నల కార్యదర్శి ప్రశ్న అడగరాదని నియమం ఉంది. ఆ నియమం రాసింది నేనే. సొంత మేనకోడలి కోసం సొంత నియమాన్ని తుంగలో తొక్కితే రేపు ఉపసంఘంలో ఏ మొహం పెట్టుకుని కూచోను? కూచునే ఉన్నాను.

బావ వేదిక ఎక్కాడు. కప్పు వంక చూశాడు. గౌరవనీయులందరినీ గౌరవించాడు. ఒక విశిష్ట అతిథిని వదిలేశాడని అధ్యక్షులవారు గుర్తుచేస్తే వెనక్కి వెళ్ళి గౌరవించి వచ్చాడు. తర్వాత సూర్యోదయం బొమ్మ ముందు నిలబడి, దిద్దిన మాటలు చదవడం మొదలుపెట్టాడు. "ఈ కప్పు త్వరలో నేలను సమీపించే అవకాశం మెండుగా ఉంది" అన్నాడు. అవకాశం అనగానే సభ ఉత్సాహపడింది. "ఆ సమయంలో కింద ఉన్నవారికి ఇది జీవితంలో మరువలేని..." అని, ఇక చదవలేక కాగితం మడిచేశాడు. చెమటలు పట్టేశాయి. అప్పుడే పైనుంచి అరచేతి మందాన పెచ్చు ఊడి, దభీమని నీళ్ళ ప్రొఫెసర్ గారి ఖాళీ కుర్చీలో పడింది. కుర్చీ రెండు ముక్కలైంది.

హాలు చప్పట్లతో మార్మోగిపోయింది. ఇంత చక్కటి సోదాహరణ ప్రసంగం ఈ వేదిక మీద ఎన్నడూ జరగలేదని ముఖ్య అతిథి లేచి నిలబడ్డారు. "అయ్యా, అది నేను చేసింది కాదు, దానంతటదే పడింది" అని బావ మొత్తుకుంటున్నాడు. "చూశారా వినయం" అన్నారు అధ్యక్షులవారు. ఈలోగా ప్రసంగం గడువు అయిందని గంట మోగింది.

చప్పట్లకి సందేహాలయ్య లేచాడు. "అయ్యా, కోళ్ళని రాత్రంతా వెలుతురులో ఉంచడం వాటి ఆరోగ్యానికి మంచిదేనా?"

బావ నా వంక చూశాడు. నేను కప్పు వంక చూశాను. జవాబుకి ఉన్నది ఒక్క నిమిషం. ఆయన మైకు రెండు చేతులా పట్టుకున్నాడు. "కోళ్ళ సంగతి నాకు తెలీదు బాబూ. ఈ కప్పు కూలిపోతుంది. దీని కింద ఏ ప్రాణీ బతకదు. ఎవరున్నా సరే వెంటనే హాలు ఖాళీ చేయించండి. రేపు మా అమ్మాయి ఇక్కడే కూచుని పరీక్ష రాయాలి. దాంతోపాటు ఇంకా మూడు వందల మంది పిల్లలు. మీ కాళ్ళు పట్టుకుంటాను" అన్నాడు. నేను విన్న ప్రసంగాలన్నిట్లో మనిషి మాట్లాడినట్టు మాట్లాడిన ప్రసంగం అదొక్కటే. అందుకే కాబోలు, ఎవరికీ అర్థం కాలేదు.

అధ్యక్షులవారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ప్రశ్నకి తగిన సమాధానం. మిత్రులారా, మూగజీవాల పట్ల ఇంత ఆర్తి నేనెక్కడా చూడలేదు. కావున ఈ సభాభవనంలో కోళ్ళను ఉంచరాదనీ, కోడి ఉన్నట్టు తేలిన పక్షంలో దాని ప్రాణరక్షణ దృష్ట్యా తక్షణం హాలు మొత్తం ఖాళీ చేయించాలనీ తీర్మానిస్తున్నాం" అన్నారు. కోళ్ళ డాక్టరు ఏడుస్తూ బలపరిచాడు. కట్టడాల మాస్టారు కోళ్ళ కోసం ఇంతగా తపించడం తన వృత్తికే గౌరవమన్నాడు.

తర్వాత నాణేల మేడం ప్రసంగించారు. సందేహాలయ్య నా చేతిరాతలో ఉన్న కార్డు తీసి, "ఈ హాలు కప్పు ఇంకెన్నాళ్ళు నిలుస్తుంది?" అని అడిగాడు. ఆవిడ చిరునవ్వుతో, తడుముకోకుండా, "ఇప్పటికి ఎనిమిది వందల ఏళ్ళు చెక్కుచెదరలేదు. సరైన పెట్టెలో పెట్టి తాళం వేస్తే ఇంకో ఎనిమిది వందల ఏళ్ళు ఢోకా లేదు" అన్నారు. కప్పు ఎనిమిది వందల ఏళ్ళు నిలుస్తుందని, పరీక్షలు యథావిధిగా జరుపుకోవచ్చని, తలుపులకి మాత్రం తాళాలు గట్టిగా వేయాలని తీర్మానమైంది. మా బావకి ఉత్తమ వక్త పురస్కారం ఇచ్చారు. అద్దం బిగించిన పెద్ద పటం.

సాయంత్రం ఇంటికెళ్ళాం. బావ పటాన్ని గోడవైపు తిప్పి నేలమీద పెట్టి, మంచం మీద ఆ పక్కకి తిరిగి పడుకున్నాడు. ఏం జరిగిందో అక్కకి నేనే చెప్పాను. ఆవిడ మిషను ఆపి వింది. 

మేనకోడలు అంతా విని, "నేను కోడినై పుట్టినా బాగుండేది మామయ్యా. కనీసం ఖాళీ చేయించేవాళ్ళు" అంది.

అక్క చేతిలో కత్తెర ఆగిపోయింది. "తమ్ముడూ, ఆ తీర్మానం ఇంకోసారి చదువు."

చదివాను.

"కోడి కనిపిస్తే కోడిని బయటికి తోలమని లేదా అందులో?"

"లేదక్కా. హాలు ఖాళీ చేయించాలనే ఉంది."

"సరిగ్గా చూశావా?"

"అధ్యక్షులు చెబుతుంటే నేనే రాశాను. ఒక్క అక్షరం అటూ ఇటూ పోదు."

"సరే, భోంచేసి వెళ్ళు" అంది అక్క.

సోమవారం పరీక్ష మొదలైంది. తలుపులకి తాళాలు వేయాలన్న తీర్మానం ప్రకారం ముందు తలుపులకి వేశాం. పక్క తలుపు తాళం తుప్పు పట్టి పడలేదు. హాలు కాపలాకి నన్ను వేశారు. పిల్లలు తలలు వంచుకుని రాస్తున్నారు. మేనకోడలు దూలం కింద కూచుని ఐదో పాఠంతో కుస్తీ పడుతోంది. నేను నడుస్తున్నాను గానీ నా చూపు పైనే ఉంది. ఇంతలో పక్క తలుపులోంచి ఒక ఎర్ర కోడిపెట్ట, ముఖ్య అతిథి నడకతో, నింపాదిగా లోపలికొచ్చింది. తలుపు బయట మా అక్క ఖాళీ సంచీ మడుచుకుంటూ నిలబడి ఉండటం కేవలం యాదృచ్ఛికం.

నేను నిబంధన ప్రకారం ప్రిన్సిపాల్ గారికి కబురు చేశాను. ఆయన తీర్మానం ఫైలుతో సహా వచ్చారు. ఒక కాపలా మాస్టారు కోడిని పట్టుకుని అవతల పారేద్దామన్నాడు. "కోడిని పట్టుకోమని ఇందులో ఎక్కడుంది? చూపించండి" అని ప్రిన్సిపాల్ గారు కోప్పడ్డారు. అది కోడేనని ధ్రువీకరించే అధికారం ఎవరికుందన్న ప్రశ్న వచ్చింది. కోళ్ళ డాక్టరుని పిలిపించారు. ఆయన దాన్ని ముందునుంచీ వెనకనుంచీ పరీక్షగా చూసి, కోడేనని సంతకం పెట్టాడు. మరుక్షణం ప్రిన్సిపాల్ గారు తాళాలు తీయించి, మూడు వందల మంది పిల్లల్నీ బల్లలతో సహా ఆవరణలోకి పంపించేశారు. తండ్రి కాళ్ళు పట్టుకుంటానన్నా జరగని పని, ఒక సంతకంతో జరిగిపోయింది.

అందరూ వచ్చాక కూడా కోడి రాలేదు. వేదికెక్కి అధ్యక్షులవారి కుర్చీలో ముడుచుకు కూచుంది. దాన్ని వదిలి రానని కోళ్ళ డాక్టరు పట్టుబట్టాడు. అక్క గుమ్మం దగ్గర గింజలు చల్లి పిలిచింది. కోడి దిగి వచ్చింది, దాని వెనకే డాక్టరూ వచ్చాడు.

అప్పుడు, తీర్మానంలో పేర్కొన్న గడువుకి ఎనిమిది వందల ఏళ్ళు ముందుగా, కప్పు నేలను సమీపించింది.

ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. దుమ్ము లేచి ఆవరణంతా కమ్మేసింది. బావ ఎక్కణ్ణుంచో చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చి, ఆ దుమ్ములో కూతుర్ని పేరుపెట్టి అరుస్తూ వెతికి, దొరికాక పిల్ల చెయ్యి పట్టుకుని నేలమీద కూచుండిపోయి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అక్క నిలబడే ఉంది, ఖాళీ సంచీని గుండెలకి అదుముకుని. నేనూ వాళ్ళ పక్కనే నేలమీద కూచున్నాను. కార్యదర్శి నేలమీద కూచోరాదని నియమమేదీ నేను రాయలేదు.

వెంటనే విచారణ సంఘం వేశారు. సంఘం నివేదిక నిష్పక్షపాతంగా వచ్చింది. ఇన్నేళ్ళుగా ఆ హాల్లోకి మనుషులు ఎంతమంది వచ్చినా కప్పు కూలలేదు. మొదటిసారి కోడి వచ్చింది, కూలింది. కారణం స్పష్టం. కోళ్ళను ఉంచరాదని ముందే హెచ్చరించిన సదస్సు దూరదృష్టిని సంఘం కొనియాడింది. శిథిలాల ముందు "కోళ్ళకు ప్రవేశం లేదు" అని బోర్డు పెట్టారు. వెనక గుమ్మం లేదు, గోడ లేదు, బోర్డు మాత్రం ముచ్చటగా ఉంది. మా బావకి సంజాయిషీ నోటీసు ఇచ్చారు. కప్పు కూలుతుందని ముందుగా ఎలా తెలిసింది, కోడితో పూర్వపరిచయం ఏమైనా ఉందా అని అడిగారు. ఆయన ఇంకా జవాబు రాస్తున్నాడు.

పిల్లలు క్షేమంగా బయటపడినందుకు అభినందన సభ జరిపాం. అధ్యక్షులవారు మాట్లాడాక చప్పట్లు మోగాయి. సందేహాలయ్య లేచి, మిగిలిపోయిన నాలుగో కార్డు తీసి, శిథిలాల వైపు చెయ్యి చూపిస్తూ, "ఈ బంగారు నాణేలు ఇంకెన్నాళ్ళు చెక్కుచెదరకుండా ఉంటాయి?" అని అడిగాడు. అధ్యక్షులవారు సంతృప్తికరంగా బదులిచ్చారు.

అక్క ఆ కోడిని పెంచుకుంటోంది. మేనకోడలు పరీక్ష గట్టెక్కింది, ఐదో పాఠంతో సహా. పెద్ద కాలేజీలో సీటొచ్చింది. చేర్చడానికి వెళ్ళేటప్పుడు అక్క సంచీలో కోడిని కూడా పెట్టుకుని వెళ్ళింది.

మా తరవాతి సదస్సు పాత హాస్టల్ భోజనశాలలో. బావ దాని కప్పు కూడా చూసొచ్చాడు. మొహం చూస్తే ఏం చెప్పబోతున్నాడో తెలుస్తూనే ఉంది. ఈసారి ఆరు నిమిషాలిచ్చారు. మీరు తప్పక రావాలి. మీరు కొత్తవాళ్ళేం కాదు లెండి, మీ పిల్లలు రోజూ కూచునే కప్పు గురించి ఎవరో ఒకాయన ఎప్పుడో చెమటలు కక్కుతూ చెప్పే ఉంటాడు, మీరు ముందు వరుసలో కూచుని చప్పట్లు కొట్టే ఉంటారు. ఏమైనా ప్రశ్నలుంటే ఇప్పుడే అడగండి.

లేవా? ఫర్వాలేదు. మీ తరఫున సందేహాలయ్య అడుగుతాడు.